విహార వేదిక: చంద్రశిలకు ఒకనాటి నడక

దసరా సెలవులు దగ్గరపడుతున్నవనగానే మన కాలనీలలో ఎల్.టి.సి. ప్రస్తావన మొదలవుతుంది. కేదారనాథ్, బదరీనాథ్ క్షేత్రాలను సేవించి వచ్చే సహోద్యోగులలో పలువురు, ఆ రెండింటి నడుమ దారిలోనే ఉన్న తుంగనాథ్‌ను, దానిపైనున్న చంద్రశిల శిఖరాన్ని కూడ కుటుంబసమేతంగా చూచి రావాలని ఉవ్విళ్ళూరుతున్నారు. ఒక్క పగటిలో ఎక్కి దిగగల హిమాలయ శిఖరం అది. త్రాళ్ళు, మంచుగొడ్డళ్ళు పట్టనక్కరలేదు. కనుకనే దానిని తేలికగా భావించే ప్రమాదం కూడ ఉన్నది. ఈ నెల ఈ శీర్షికలో ఆ ఒక్కరోజు నడకకు ప్రణాళిక ఎట్లా వేసుకోవాలో పాఠక మిత్రులకు మనవి చేయదలచాము.

హిమాలయ యాత్ర అనగానే తెలుగువారికి స్ఫురించే మొదటి యాత్రికుడు ప్రవరాఖ్యుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఆ అరుణాస్పదపుర వాసి సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకొని క్షణాలలో హిమగిరిని చేరుకున్నాడు. వింతలన్నీ చూచాడు. మధ్యాహ్నమైనది, ఇల్లు జ్ఞాపకం వచ్చింది. తీరా చూస్తే మంచునీటికి లేపనం కరిగిపోయింది. తరువాతి కథ అందరికీ తెలిసినదే. కావ్యంగా మనం దానిని ఎన్ని విధాలుగానైనా ఆస్వాదించవచ్చును గాని, యాత్రికుని దృష్టితో చూస్తే అందులోని లోపం ఒక్కటే. ప్రవరుడు వెళ్ళడానికి ఏర్పాటు చేసుకున్నాడు, రావడానికి చేసుకోలేదు. చివరకు అగ్నిదేవుడు అనుగ్రహించి ఆయనను ఇంటికి చేర్చాడు. మనకు ఆ సదుపాయం లేదు. కాబట్టి కొండ నడక ప్రణాళికను తిరుగు ప్రయాణం నుంచి మొదలుపెట్టి వెనుకకు వేసుకొంటూ రావాలన్నది మేము చెప్పదలచిన ముఖ్య విషయం.

క్షేత్రం, మార్గం

ఉత్తరాఖండ్ రాష్ట్రంలోని రుద్రప్రయాగ జిల్లాలో చోప్తా అనే చిన్న మజిలీ ఉన్నది. హృషీకేశ్ నుంచి దేవప్రయాగ, శ్రీనగర్, రుద్రప్రయాగ, ఊఖీమఠ్ మీదుగా సుమారు 200 కిలోమీటర్లు. మైదానంలో ఈ దూరం నాలుగు గంటల పని. కొండదారిలో పూర్తిగా ఒక పగలు పడుతుంది. చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయానికి 4 కిలోమీటర్ల లోపు, రాళ్ళు పరచిన బాట. పంచకేదారాలలో మూడవదిగా చెప్పే ఈ ఆలయం, శివాలయాలన్నింటిలో అత్యంత ఎత్తున ఉన్నదిగా ప్రసిద్ధి. ఆలయం దాటిన తరువాత మరొక ఒకటిన్నర కిలోమీటరు మట్టి, రాతిబాటలో నిటారుగా ఎక్కితే చంద్రశిల.

ఈ శిఖరం ఉన్న కొండవరుస ఒక జలవిభాజకం. దీనికి ఒక వైపున కురిసిన నీరు మందాకినిలోనికి, మరొక వైపున కురిసినది అలకనందలోనికి పారుతుంది. ఆ రెండు నదులూ మళ్ళీ రుద్రప్రయాగ వద్ద సంగమిస్తాయి. మనం బస్సులో వచ్చేటప్పుడు చూచిన సంగమానికి మూలాలు పై నుంచి ఇరువైపులా గోచరించడం ఈ నడకలోని ఒక విశేషం. ఆకాశం నిర్మలంగా ఉన్ననాడు 7,138 మీటర్ల చౌఖంబా ఎదురుగా నిలుస్తుంది. నందాదేవి, త్రిశూల్, కేదారనాథ్ శిఖరాలు కూడ దర్శనమిస్తాయి.

ఇక ఎత్తుల మాట. చోప్తా 2,700 మీటర్ల దరిదాపులలో, ఆలయం 3,400 మీటర్లకు పైన, శిఖరం 3,600 మీటర్లకు పైన ఉన్నాయి. యాత్రా పుస్తకాలలోను, దారిలోని పలకల మీదను ఈ అంకెలు ఒకదానితో ఒకటి ఏకీభవించవు. కొన్నింటిలో శిఖరం ఎత్తు 4,000 మీటర్లని కనిపిస్తుంది. ప్రణాళికకు ఎప్పుడూ పెద్ద అంకెనే లెక్కలోనికి తీసుకోవాలి. ఎక్కవలసిన ఎత్తు సుమారు 1,000 మీటర్లని అనుకొందాము. ఆంధ్రప్రదేశ్‌లోని అత్యున్నత శిఖరాలు సైతం 1,700 మీటర్ల లోపువే. అనగా మన కొండలన్నీ ముగిసిన తరువాత మరొక 1,000 మీటర్ల పైన గాని ఈ నడక మొదలే కాదు.

ఎప్పుడు వెళ్ళాలి

వేసవిలో ఆలయం తెరచిన నాటి నుంచి దీపావళి ప్రాంతాలలో మూసేవరకు దారిలో జనసంచారం, తేనీటి దుకాణాలు ఉంటాయి. తెరచే తేదీ, మూసే తేదీ ఏటా పంచాంగాన్ని అనుసరించి ప్రకటిస్తారు కనుక టికెట్లు తీసుకొనే ముందు విచారించుకోవాలి. శీతకాలంలో తుంగనాథుని ఉత్సవమూర్తిని మక్కూమఠ్ గ్రామానికి తరలించి అక్కడ పూజిస్తారు. అప్పుడు పై బాటంతా మంచుతో కప్పబడి ఉంటుంది. ఆ నడకకు వేరే శిక్షణ, వేరే సామగ్రి కావాలి. అది ఈ వ్యాసపరిధిలోనిది కాదు.

పిల్లల చదువులను బట్టి మనకు రెండు అవకాశాలున్నాయి. మే నెలలో పగలు దీర్ఘం, గడ్డి మైదానాలలో పూలు. కాని మధ్యాహ్నం దాటగానే మేఘాలు కమ్మి ఉరుములు, వడగళ్ళు పడడం తరచు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు వర్షాలు, కొండచరియలు. అక్టోబరులో గాలి నిర్మలం, దృశ్యం స్పష్టం, చలి మాత్రం అధికం, పగలు తక్కువ. మా దృష్టిలో కుటుంబాలకు దసరా సెలవులే ప్రశస్తం. అక్టోబరు మధ్యలో అక్కడ సూర్యోదయం సుమారు 6.15కు, సూర్యాస్తమయం సుమారు 5.45కు. కొండల నీడ వలన లోయలలో చీకటి అంతకన్న ముందే పడుతుంది.

గంటల లెక్క

1892లో విలియమ్ నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఒక సులభ సూత్రం చెప్పాడు. ప్రతి 3 మైళ్ళ దూరానికి ఒక గంట, ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు అదనంగా మరొక గంట. మన కొలతలలో 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎత్తుకు గంట అనుకోవచ్చును. చంద్రశిలకు ఐదున్నర కిలోమీటర్ల దూరానికి గంటకు కొంచెం పైన, 1,000 మీటర్ల ఎత్తుకు గంట 40 నిమిషాలు. వెరసి సుమారు 2 గంటల 45 నిమిషాలు.

అయితే ఇది ఆరోగ్యవంతుడు, అలవాటు పడినవాడు, తక్కువ ఎత్తులో ఆగకుండ నడిచే లెక్క. గాలి పలుచగా ఉన్నచోట, పిల్లలు, గృహిణులు, ఏబదికి దగ్గరపడిన ఉద్యోగులు కలసి నడిచేటప్పుడు దీనికి సగం అదనంగా కలపాలి. అప్పుడు 4 గంటల పైచిలుకు అవుతుంది. విశ్రాంతికి, దర్శనానికి 45 నిమిషాలు కలిపితే రమారమి 5 గంటలు. దిగడానికి మూడున్నర గంటలు. దిగడం సులభమని త్వరపడరాదు; మోకాళ్ళు నొచ్చేదీ, చీలమండలు బెణికేదీ అప్పుడే.

ఇప్పుడు చివరి నుంచి వెనుకకు లెక్కించుదాము. సూర్యాస్తమయం 5.45. దానికి కనీసం రెండున్నర గంటల ముందుగా చోప్తాలో ఉండాలి. ఎవరికైనా కాలు బెణికితే నెమ్మదిగా దింపుకొని రావడానికి ఆ వ్యవధి అవసరం. అంటే గమ్యం 3.15. దానిలోనుంచి దిగే మూడున్నర గంటలు తీసివేస్తే 11.45. మధ్యాహ్న మేఘాల దృష్ట్యా మరొక పావుగంట తగ్గించి, తిరుగు సమయం 11.30 అని నిర్ణయించుదాము. వెలుతురు వచ్చే 5.45కు బయలుదేరితే 10.45కు శిఖరం మీద ఉంటాము. చేతిలో ముప్పావు గంట మిగులుతుంది. ఆ మిగులు దారిలోని జాప్యాలకే గాని బద్ధకానికి కాదు.

ఈ 11.30 గంటల నియమానికి అర్థం విస్పష్టంగా ఉండాలి. ఆ వేళకు శిఖరం మీద ఉన్నా, ఆలయం వద్ద ఉన్నా, శిఖరం ఇంకా ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నా వెనుకకు తిరగవలసిందే. ఈ సమయాన్ని ముందురోజు రాత్రి బస వద్ద, అందరి సమక్షంలో, కాగితం మీద వ్రాయాలి. ఎందుకనగా కొండ మీద, గాలి తక్కువైన చోట, ఆశ ఎక్కువైన వేళ, మన తీర్పు మన వశంలో ఉండదు. కర్మాగారంలో యంత్రం విప్పేముందే పని అనుమతి పత్రం వ్రాసుకొంటాము. విప్పుతూ వ్రాసుకోము గదా!

దేహాన్ని సిద్ధం చేసుకోవడం

కనీసం ఆరు వారాల ముందు నుంచి రోజూ ముప్పావు గంట వేగంగా నడవడం, వారానికి మూడుసార్లు క్వార్టర్ల మెట్లు ఎక్కి దిగడం అలవాటు చేసుకోవాలి. అవకాశం ఉన్నవారికి తిరుమల కాలినడక మంచి పరీక్ష. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఆ మెట్లు ఎక్కి మరునాడు మామూలుగా డ్యూటీకి రాగలిగినవారు చంద్రశిలకు కాళ్ళ విషయంలో సిద్ధమైనట్టే. కొత్త బూట్లను ఈ ఆరు వారాలలోనే తొడిగి మెత్తపరచుకోవాలి. యాత్రనాడు కొత్త బూట్లు తొడగడమంటే బొబ్బలను స్వయంగా ఆహ్వానించడమే.

కాళ్ళు సిద్ధమైనంత మాత్రాన ఊపిరి సిద్ధమైనట్టు కాదు. చంద్రశిల మీద వాయుపీడనం సముద్రతీరంలో ఉండేదానిలో 65 శాతం ప్రాంతంలో ఉంటుంది. ప్రతి శ్వాసలో ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటిన తరువాత ఎవరికైనా పర్వతవ్యాధి రావచ్చును. తలనొప్పి, వికారం, తలతిరుగుడు, మితిమీరిన అలసట, నిద్రపట్టకపోవడం దాని లక్షణాలు. ఇది బలహీనులకే వస్తుందనుకోవడం పొరపాటు. వ్యాయామవీరులకు కూడ వస్తుంది. పైగా వారు వేగంగా ఎక్కుతారు కనుక త్వరగా వస్తుంది.

దీనికి ఉత్తమ చికిత్స నెమ్మదితనం. మొదటి రాత్రి హృషీకేశ్‌లోను, రెండవ రాత్రి సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఊఖీమఠ్‌లోను, మూడవ రాత్రి చోప్తాలోను గడపాలి. మూడవనాడు దారిలో సారీ గ్రామం నుంచి 2,400 మీటర్ల పైనున్న దేవరియాతాల్ సరస్సుకు నడచి వస్తే దేహానికి రిహార్సల్ జరుగుతుంది. ఎవరి నడక ఎట్టిదో నాయకునికి తెలుస్తుంది. నాలుగవ ఉదయం చంద్రశిల. ఐదవరోజును ఖాళీగా ఉంచాలి. వాన పడితే నాలుగవనాడు విశ్రమించి ఐదవనాడు ఎక్కవచ్చును. ఎల్.టి.సి. ప్రయాణాలలో మనం సాధారణంగా చేయనిది ఈ ఖాళీరోజు ఏర్పాటే. ఉన్న సెలవులలో మరొక క్షేత్రం కలిసివస్తుందని ప్రతి రోజునూ నింపివేస్తాము. ఖాళీరోజు లేని ప్రణాళికలో చెడు వాతావరణానికి చోటుండదు. చెడు వాతావరణం మాత్రం మన ప్రణాళికను చూచి ఆగదు.

బయలుదేరే ముందు మన ఆసుపత్రి వైద్యులను తప్పక సంప్రదించాలి. గుండెజబ్బు, ఉబ్బసం, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు ఈ నడకకు ఉపక్రమించే ముందు వైద్యుని మాటనే తుదిమాటగా తీసుకోవాలి. పర్వతవ్యాధి నివారణకు వాడే మాత్రలను వైద్య సలహాతోనే వాడాలి. పసిపిల్లలు తలనొప్పిని తలనొప్పి అని చెప్పలేరు; మారాం చేస్తారు, అన్నం మానేస్తారు. ఎత్తైన చోట దానిని అల్లరిగా భావించరాదు.

మూటలో ఏమి ఉండాలి

ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చోప్తాలో వేకువన 5 డిగ్రీలుంటే ఆ వేళకు శిఖరం మీద నీరు గడ్డకట్టే చలి. గాలి వీస్తే ఆ చలి రెట్టింపుగా తోస్తుంది. ఒక దళసరి కోటు కన్న పలుచని ఉడుపులు రెండు మూడు, ఒకదానిపై ఒకటి వేసుకోవడం మేలు. ఎక్కేటప్పుడు విప్పి, ఆగినప్పుడు తొడుగుకోవచ్చును. నూలుబట్ట చెమటను పీల్చి తడిగా ఉండిపోతుంది కనుక ఒంటికి తగిలే బనియను ఉన్నిది గాని, త్వరగా ఆరే రకంది గాని కావాలి. మంకీ క్యాపు, చేతి తొడుగులు, అదనంగా ఒక జత మేజోళ్ళు, ఒక్కొక్కరికి ఒక్కొక్క రెయిన్‌కోటు అవసరం. గొడుగు శిఖరపు గాలికి నిలువదు. ఎండ చల్లగా ఉన్నదని భ్రమపడరాదు. అంత ఎత్తున అతినీలలోహిత కిరణాల తీక్షణత మన ఊళ్ళకన్న ఎక్కువ. నల్లకళ్ళద్దాలు, టోపీ ఉండాలి.

తిండి విషయంలో మన ఇల్లాళ్ళకు చెప్పగలవారము కాము. పులిహోర, సున్నుండలు, వేరుశనగ పట్టీలు, ఖర్జూరాలు, చక్కిలాలు. ఇంతకన్న మంచి కొండతిండి ఏ దేశంలోనూ లేదు. ఎత్తున ఆకలి మందగిస్తుంది కనుక గంటకొకసారి కొంచెం కొంచెంగా తినిపించాలి. తలకు రెండు లీటర్ల నీరు, ఒక థర్మోస్ ఫ్లాస్కులో వేడి తేనీరు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు ఉండాలి. శిఖరపు ఎత్తున నీరు సుమారు 88 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ఆలయం వద్ద దుకాణాలలో అన్నం, పప్పు సరిగా ఉడకలేదని యజమానిపై విసుగుకోవద్దని మనవి. ఆ లోపం వాయుపీడనానిది.

ఇవి గాక ప్రతి ఒక్కరివద్ద ఒక విజిల్, చిన్న టార్చిలైటు ఉండాలి. నిమిషంలో ఆరుసార్లు విజిల్ ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదడం పర్వత ప్రాంతాలలో ఆపదను తెలిపే అంతర్జాతీయ సంకేతం. పిల్లలకు దీనిని ముందే నేర్పాలి. ఫోను సంకేతాలు అన్నిచోట్లా అందుతాయని నమ్మరాదు. అందినచోట 112 అత్యవసర సంఖ్య పనిచేస్తుంది. బృందంలోని వారి పేర్లు, బయలుదేరిన వేళ, తిరిగి వచ్చే వేళ ఒక కాగితంపై వ్రాసి బస యజమానికి ఇవ్వాలి. సాయంత్రం 5 గంటలకు రాకపోతే ఎవరికి తెలియజేయాలో కూడ వ్రాయాలి.

నాయకుడెవరు

మన సంస్థలో నలుగురు కలసి బయలుదేరితే అందరికన్న పెద్ద గ్రేడులో ఉన్నవారే సహజంగా నాయకులవుతారు. కొండకు ఈ పద్ధతి పనికిరాదు. ఉపమహాప్రబంధకుడు ముందు నడుస్తూ ఉంటే, వెనుకనున్న టెక్నీషియను తనకు తల తిరుగుతున్నదని చెప్పడానికి జంకుతాడు. ఆయన భార్య ఆయనకన్న ఎక్కువ జంకుతుంది. అందరూ మొగమాటంతో నవ్వుతూ ఎక్కుతారు. ఆపద ఈ మొగమాటంలోనే పొంచి ఉంటుంది.

కనుక నాయకుని హోదాను బట్టి గాక కొండ అనుభవాన్ని బట్టి ఎన్నుకోవాలి. స్థానికుడైన గైడును తీసుకుంటే మరీ మంచిది. ఆయన చెప్పిన మాటను బృందంలో ఎంత పెద్దవారైనా వినాలి. అందరికన్న నెమ్మదిగా నడిచేవారిని నాయకుని వెనుకనే ఉంచాలి. అందరి నడకా వారి నడకే. బృందానికి చివర ఒక దిట్టమైన మనిషి ఉండాలి. నడుస్తూ ఒక పూర్తి వాక్యం ఆయాసపడకుండ చెప్పగలిగితే వేగం సరైనదని గుర్తు. ముప్పావు గంటకొకసారి ఐదు నిమిషాలు ఆగాలి. ఆగిన ప్రతిసారీ నాయకుడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, తల నొప్పిగా ఉన్నదా అని అడగాలి. "అందరూ బాగున్నారా?" అని మొత్తంగా అడిగితే "బాగున్నాము" అనే జవాబే వస్తుంది.

మరొక నియమం. ఎవరు "ఇక చాలు, దిగుదాము" అన్నా వారిని ఎగతాళి చేయరాదు. దిగేవారిని ఒంటరిగా పంపరాదు; తోడు తప్పనిసరి. ఆలయం వద్ద దర్శనం చేసుకొని ఆగిపోయేవారి యాత్ర కూడ సంపూర్ణమే. బాట రాతిదే కనుక ఆలయం వరకు గుర్రాలు దొరుకుతాయి. పెద్దవారికి ఆ ఏర్పాటు చేయవచ్చును.

దిగవలసిన గుర్తులు

గడియారం గాక మరి మూడు గుర్తులు కనిపించినా వెనుకకు తిరగాలి. మొదటిది దేహం. తలనొప్పి, వికారం కలిగినవారు ఇంకా పైకి పోరాదు. విశ్రాంతితో తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, ఆగని దగ్గు, తూలుతూ నడవడం, పొంతనలేని మాటలు కనిపిస్తే అది ప్రాణాపాయం. ఒక్క నిమిషం ఆలస్యం చేయక కిందికి తీసుకుపోయి వైద్యసహాయం పొందాలి. కొన్ని వందల మీటర్లు దిగడమే ఆ స్థితిలో మొదటి ఔషధం.

రెండవది ఆకాశం. మెరుపుకు, ఉరుముకు మధ్య 30 సెకన్ల కన్న తక్కువ వ్యవధి ఉంటే పిడుగు దగ్గరలోనే పడుతున్నదని అర్థం. శిఖరం, దానిని అంటియున్న కొండవరుస పిడుగుకు అందరికన్న ముందు కనిపించే స్థలాలు. పైనున్న చిన్న గుడిలో తలదాచుకోవాలనుకోక, వెంటనే దిగిపోవాలి. మూడవది బాట. పొగమంచులో ఎదుటి మలుపు కనిపించనప్పుడు, గట్టిపడిన మంచుపై పాదం జారుతున్నప్పుడు ముందుకు పోరాదు. అడ్డదారులు తొక్కితే దారి తప్పడమే గాక, బుగ్యాల్ అనే ఆ ఎత్తైన పచ్చికబయళ్ళు పాడవుతాయి. వాటి రక్షణకై 2018లో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం అక్కడ రాత్రి గుడారాలు వేయడాన్ని నిషేధించింది. మన చిక్కీల కాగితాలు, నీటిసీసాలు మన సంచిలోనే కిందికి రావాలి.

"ఇంత దూరం వచ్చి..."

ఇంతవరకు చెప్పినవన్నీ పాటించడం సులభం. పాటించడం కష్టమైనది ఒక్కటే, తిరుగు సమయం. ఆ వేళకు మన నోట వచ్చే మాట కూడ ఒక్కటే: "ఇంత దూరం వచ్చి, ఇప్పుడు తిరిగిపోవడమా?" రెండువేల కిలోమీటర్ల రైలు ప్రయాణం, నాలుగేళ్ళకొకసారి దొరికే అవకాశం, పిల్లల ముందు పరువు, ఇవన్నీ ఆ మాట వెనుక నిలబడి మనలను పైకి నెడతాయి.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోనే, 4,000 మీటర్లకు పైనున్న సహస్రతాల్ సరస్సుకు 22 మంది బృందం ఒకటి వెళ్ళింది. అధికసంఖ్యాకులు కర్ణాటక వారు. ఉద్యోగులు, విశ్రాంత జీవులు, మనవంటివారే. తిరుగుదారిలో మంచుతుఫాను కమ్మింది. చలికి 9 మంది మరణించారు. మిగిలినవారిని రక్షకదళాలు, వాయుసేన హెలికాప్టర్లు కిందికి చేర్చాయి. ఆ యాత్రికులలో ఎవరి తప్పొప్పులను ఎంచడానికీ మేము ఈ ఉదంతాన్ని పేర్కొనలేదు. హిమాలయంలో వాతావరణం మారడానికి ఒక్క గంట చాలునని, ప్రయాణంలో తిరుగుదారి కూడ సగభాగమేనని చెప్పడానికి మాత్రమే పేర్కొన్నాము.

దీనికి ప్రక్కన మరొక ఉదంతాన్ని చూడండి. స్వీడన్ దేశస్థుడైన గోరాన్ క్రాప్ 1995 అక్టోబరులో తన దేశం నుంచి సైకిలుపై బయలుదేరి, ఖండాలు దాటి నేపాల్ చేరుకున్నాడు. 1996 మే మొదటివారంలో ఒంటరిగా ఎవరెస్టును అధిరోహిస్తూ, శిఖరానికి ఇంక సుమారు 100 మీటర్ల దిగువన ఉండగా వేళ మించిపోయినదని గ్రహించి వెనుకకు తిరిగాడు. "ఇంత దూరం వచ్చి" అని అనడానికి ఆయనకన్న అర్హుడు మరొకడు లేడు. కాని అనలేదు. ఆ తరువాత కొద్ది రోజులకే, మే 10న అదే పర్వతం మీద పొద్దుపోయిన తరువాత కూడ పైకి సాగిన బృందాలు తుఫానులో చిక్కుకొని 8 మంది మరణించారు. క్రాప్ మే 23న మళ్ళీ ఎక్కి శిఖరాన్ని చేరుకున్నాడు.

వెనుకకు తిరిగినవారికి మరొక అవకాశం ఉంటుంది. ఆ అవకాశాన్ని కాపాడుకోవడానికే మనం వ్రాసుకొనే 11.30. చంద్రశిల ఎక్కడికీ పోదు, వచ్చే ఎల్.టి.సి. బ్లాకు వరకు అక్కడే ఉంటుంది.

కాబట్టి ఈ దసరాకు ఆ వైపు వెళ్ళదలచిన మిత్రులు టికెట్లు తీసుకొన్ననాడే ఒక తెల్లకాగితం తీసుకొని, పైభాగాన ఇంటికి చేరే తేదీని వ్రాసి, అక్కడి నుంచి కిందికి లెక్క వేయడం ప్రారంభించవలసినదిగా కోరుతున్నాము. ఖాళీరోజును దానిలో మొదటనే చేర్చండి. తిరుగు సమయాన్ని ఎర్రసిరాతో వ్రాయండి. పిల్లల చేత కూడ దాని మీద సంతకం చేయించండి. కొండ మీద ఆ మాటను పెద్దలకు జ్ఞాపకం చేసేది తరచుగా వారే.

మిత్రులందరికీ శుభయాత్ర, అంతకుమించి సుఖప్రత్యాగమనం కాంక్షిస్తున్నాము.